వచ్చు, వద్దు

ఆఫీసులో ఆమెను అందరూ సున్నక్క అంటారు. సున్నా సరిగ్గా కుదిరేదాకా కుర్చీలోంచి లేవదని ఎవరో సరదాగా పెట్టిన పేరు. పెట్టినవాళ్ళు ఉద్యోగాలు మారి వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. అక్షరాలు గీయడం ఆమె పని. పత్రికల్లో, పుస్తకాల్లో, సబ్బు పెట్టెల మీద కనిపించే అచ్చక్షరాలను ఎవరో ఒకరు కూర్చుని ఒంపు ఒంపునా గీస్తేనే వస్తాయని చాలామందికి తెలియదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు కూడా, "అక్షరాలు ఎప్పుడో పుట్టాయి కదమ్మా, కొత్తగా నువ్వు గీసేదేముంది?" అని అడిగి, జవాబు విన్నాక మరింత అయోమయంలో పడ్డారు.

ఆమె గీసినవాటిలో పేరు తెచ్చుకున్నది దిట్టం. పేరుకు తగ్గట్టే లావుపాటి అక్షరం. తలకట్టు ఉలితో చెక్కినట్టు వాడిగా ఉంటుంది. గీత ముగిసే ప్రతిచోటా ఒక చిన్న మడమ. వేరే లిపులవాళ్ళు దాన్ని సెరిఫ్ అంటారు, ఈ ఆఫీసులో మాత్రం మడమ అనే అంటారు. ఆ మడమల వల్లే అక్షరం రెండు కాళ్ళూ నేలకు ఆనించి నిలబడ్డట్టు కనబడుతుంది. పత్రికవాళ్ళు దాన్ని పెద్ద వార్తలకు వాడారు. తర్వాత అది బ్యాంకుల తలుపుల మీదికి, కోర్టు బోర్డు మీదికి, సమాధి రాళ్ళ మీదికి ఎక్కింది. దిట్టంలో రాస్తే అబద్ధం కూడా నిజంలా ఉంటుందని పెద్దాయన, అంటే ఆ ఆఫీసు యజమాని, వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. సున్నక్క ఆ మాటకు పైకి నవ్వి ఊరుకునేది గానీ లోలోపల పొంగిపోయేది.

ఆ రోజు పొద్దున ఆమె బల్ల మీద దిట్టం నమూనా కాగితాలు పరిచి ఉన్నాయి. బడి పుస్తకాలు వేసే సంస్థవాళ్ళు పాఠాల పేర్లకు ఆ అక్షరం కావాలన్నారు. ఆ సంస్థ ఒప్పుకుందంటే ఊళ్ళో పిల్లలంతా ఆమె అక్షరాలు చూసే పెద్దవుతారు. సున్నక్కకు లేచిన దగ్గర్నుంచీ కాలు నేల మీద నిలవడం లేదు. కాగితాన్ని తలకిందులుగా పెట్టి, కళ్ళు సగం మూసి చూసింది. అలా చూస్తే మాటలు కనబడవు, నలుపొక్కటే కనబడుతుంది. వరస మొత్తం ఒకే నలుపుగా ఉండాలి. ఎక్కడైనా తెల్లగా చుక్క మెరిస్తే ఆ అక్షరం లోపల ఖాళీ ఎక్కువైనట్టు లెక్క. ఒకప్పుడు చ, ద రెండూ అలాగే మెరిసేవి. వాటి లోపలి మెలికలు నొక్కి, ఖాళీలు రెండూ ఒక కొలతకు తెచ్చి, కింద వచ్చే వత్తులను కూడా లావు చేసి, ఆ మెరుపు పోగొట్టింది ఆమే. ఇప్పుడు వరస నున్నగా ఉంది. బాగుందనుకుంది.

అప్పుడే భర్త ఫోను చేశాడు.

"వదినకు ఒంట్లో బాలేదు. లాండ్రీలో ఏదో మందు ఘాటు తగిలిందట. నువ్వు కాస్త తొందరగా రా."

*

వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. పైన సున్నక్కా భర్తా, కింద బావగారూ తోడికోడలూ. బావగారు లారీ మీద దూరం వెళ్ళాడు. తోడికోడలు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో యంత్రం దగ్గర పనిచేస్తుంది. మనిషి ముక్కుసూటి. నోరు తెరిస్తే పుల్లవిరుపు మాటే అయినా, సున్నక్కకు జ్వరమొస్తే గంజి కాచి పైకి తెచ్చేదీ ఆమే.

సున్నక్క వెళ్ళేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తడిగుడ్డతో ఒకటొకటిగా అద్దుకుంటోంది. మాట బొంగురుపోయింది.

"నాకేం కాలేదే. పక్క మిషను పిల్లే పాపం, ఊపిరాడక పడిపోయింది. ఆసుపత్రిలో పెట్టారు. రేపో ఎల్లుండో పంపిస్తారట."

"అసలేం జరిగిందక్కా?"

"మరకల మందు కొత్త కంపెనీది వచ్చింది. పాతది వేడినీళ్ళలో కలిపేవాళ్ళం. ఇది కొత్తది కదాని డబ్బా మీద చదివాను. వేడి నీళ్ళలో కలపవచ్చు అని ఉంది. కలిపాను. గుప్పున పొగ లేచింది."

గుమ్మంలో నిలబడ్డ సున్నక్క భర్త, అంటే ఆమె మరిది, బుర్ర గోక్కున్నాడు. "కలపవద్దు అని ఉందంట వదినా. మీ మేనేజరు ఫోనులో చెప్పాడు."

"వద్దు అని ఉంటే నేనెందుకు కలుపుతాను? నాకేమన్నా పిచ్చా?"

సున్నక్క ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఎంతో మెత్తగా, ఎంతో ప్రేమగానే, అనకూడని మాట అంది.

"తొందరలో సరిగ్గా చూసుకోలేదేమో అక్కా. అందరికీ జరిగేదే."

తోడికోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ ఇంట్లో ఆమె చదువు ఒక తమాషా. పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. చూపుడువేలు అక్షరం కింద ఆనించి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ పలకరించి గానీ ముందుకు పోదు. ఈవిడ బోర్డు చదవడం అయ్యేలోపల బస్సు వెళ్ళి తిరిగి కూడా వస్తుందని మరిది ఏడిపించేవాడు. ఆమె కూడా నవ్వేది. ఇవాళ మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

"చదువుకున్నవాళ్ళు మీరు. మీరు చెప్పిందే నిజం అయ్యుంటుంది లెండి," అంది.

ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అనేసరికి సున్నక్కకు చెంప మీద కొట్టినట్టయింది.

"అది కాదక్కా..."

"విచారణ పెట్టి ఉద్యోగం తీసేస్తామంటున్నారు. తీసేస్తే తీసేయనీ, ఇంకోచోట ఉతుక్కుంటాను. చదవకుండా పోశానంటున్నారే, అది పడటం లేదు నాకు. మిషన్ల దగ్గర అందరూ అదే మాట. ఆవిడకు చదువెక్కడ వచ్చు, చదివినట్టు నటిస్తుంది అంటున్నారంట." తడిగుడ్డ మళ్ళీ కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అద్దుకోవడానికా, దాచుకోవడానికా అన్నది వేరే చెప్పాలా.

మంచం కింద ఒక ఖాళీ డబ్బా ఉంది. సాక్ష్యానికని ఆమే పట్టుబట్టి తెచ్చుకుంది. సున్నక్క దాన్ని వెలుతురులోకి తీసింది. వెనక వైపు, కింది భాగంలో, జాగ్రత్తలన్నీ చిన్నగా ఇరికించి అచ్చేశారు. మూడో వరస, వేడి నీళ్ళలో కలపవద్దు. గబుక్కున చదివేసింది. వద్దు అనే ఉంది.

ఆ తర్వాతే అక్షరాన్ని చూసింది. తలకట్టు వాడిగా ఉంది. గీతల చివర మడమలున్నాయి. దిట్టం.

"ఏం ఉంది?" అంది తోడికోడలు, గుడ్డ తియ్యకుండానే.

సున్నక్క డబ్బాను అటు తిప్పి పట్టుకుంది. "పొద్దున చూస్తానక్కా. డబ్బా తీసుకెళ్ళనా?"

*

మర్నాడు ఆఫీసులో ఆమె భూతద్దం కింద ఆ లేబులు పెట్టి కూర్చుంది. సిరా కాస్త పరుచుకుంది. అది మామూలే, చవక కాగితం మీద ఏ సిరా అయినా పరుచుకుంటుంది. పెద్ద సైజులో అయితే ఆ కాస్త సిరాకు ఎవరూ జడవక్కర్లేదు. ఇక్కడ మాత్రం ద లోపలి ఖాళీ వెంట్రుకవాసి కూడా మిగల్లేదు, నల్లగా పూడిపోయింది. కింది వత్తు పై అక్షరం మడమకు అంటుకుపోయి ఒకటే ముద్ద అయింది. ఆ ముద్దను ద్దు అనుకుంటే ద్దు. చ్చు అనుకుంటే చ్చు.

అయినా తను వద్దు అనే చదివింది కదా. ఎలా చదివింది?

రెండు ముక్కలూ లేబులు సైజులోనే కూర్చింది. ఒకటి కలపవచ్చు, ఒకటి కలపవద్దు. అదే రకం కాగితం మీద, లేబుళ్ళు వేసే పాత యంత్రం మీదే అచ్చు తీయించింది. చీటీలుగా కత్తిరించి, ఏది ఏదో వెనకవైపు పెన్సిలుతో రాసుకుంది. అన్నీ కలిపేసి, బోర్లించి, టీ తాగొచ్చి, ఒక్కొక్కటీ తిప్పి చదివింది. వద్దు. వద్దు. వద్దు. వచ్చు అన్నది ఒక్కటీ తగల్లేదు. వెనక్కి తిప్పి చూసింది. సగం చీటీల వెనక వచ్చు అని తన చేతి రాతే ఉంది.

తను కన్న అక్షరాలు. ఒక్కోదానికి ఎన్ని వంకలు దిద్దిందో, ఎన్నిసార్లు ఒళ్ళో పెట్టుకున్నంత దగ్గరగా చూసిందో. వాటిని తనే పోల్చుకోలేకపోయింది. వద్దు అని ఉందని మేనేజరు ముందే చెప్పాడు గనక నిన్న వద్దు అని చదివింది, ఇవాళ కూడా కళ్ళు ఆ మాటనే పట్టుకున్నాయి, అంతే. అక్క మాత్రం ఎవరూ ఏమీ చెప్పకముందు, వేలు ఆనించి, ఉన్న ముద్దను ఉన్నట్టు చదివింది. అలాంటి మనిషితో, తొందరలో చూసుకోలేదేమో అంది తను.

పెద్దాయన గదిలోకి వెళ్ళి అంతా చెప్పింది, విచారణలో సాక్ష్యం చెబుతాననీ అంది. ఆయన వింటున్నంతసేపూ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దిట్టం హెడ్డింగులకని గీశాం. వాళ్ళు తీసుకెళ్ళి డబ్బా అడుగున అంటించుకుంటే మన తప్పా?"

"ఆ లేబులువాళ్ళు ఫోను చేసి అడిగారండీ. చిన్న సైజులో పనిచేస్తుందా అని. దిట్టం ఎక్కడైనా నిలబడుతుంది అన్నాను నేను."

"ఎందుకన్నావు?"

"గర్వం కొద్దీ అన్నాను."

పెద్దాయన కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు నువ్వు లాండ్రీకి వెళ్ళి ఆ అక్షరం చదవడానికి పనికిరాదంటే, ఆ మాట బడి పుస్తకాలవాళ్ళ చెవిన పడకుండా ఉంటుందా?"

"చిన్నగా అచ్చేస్తే పనికిరాదంటాను."

"వినేవాళ్ళు చిన్నగా అన్న ముక్క వదిలేస్తారమ్మా. పనికిరాదు అన్నదే మోసుకుపోతారు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బడి పుస్తకాల పని పోతే ఆఫీసు మునిగిపోదు గానీ, దిట్టం పేరు పోతుంది. సున్నక్కకు అది బిడ్డ పేరు పోయినట్టే. చేతిలో ఉన్న ఒక చీటీ ఆయన ముందు పెట్టింది.

"ఏముందో చదవండి."

"కలపవద్దు," అన్నాడాయన, పెద్దగా చూడకుండానే.

ఆమె చీటీ వెనక్కి తిప్పింది. ఆయన పెన్సిలు రాత చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, తీసి, పెట్టుకుని చూశాడు. వెనక్కి వచ్చి కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు.

"వెళ్ళిరా," అన్నాడు చివరికి. "పుస్తకాలవాళ్ళకు నేను చెబుతాలే. నువ్వు చెబితే ఏడుస్తావు."

ఆ సాయంత్రం ఆమె నేరుగా కింది ఇంట్లోకే వెళ్ళింది. తోడికోడలు కూర తరుగుతోంది. కళ్ళ ఎరుపు కొంచెం తగ్గింది, మొహం మాత్రం ఇంకా గంటు పెట్టుకునే ఉంది.

"అక్కా, నువ్వు చదివావు. నీకు కనబడింది వచ్చు అనే. ఆ అక్షరం గీసింది నేనే. తప్పు దానిదీ నాదీ."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "ఆ మాట నిన్న అనుంటే నాకు రాత్రి నిద్ర పట్టేదే," అంది. మళ్ళీ తరగడం మొదలుపెట్టి, "తిని వెళ్ళు. మా మరిదిని కూడా పిలువు," అంది.

*

విచారణ లాండ్రీలోనే, మేనేజరు గదిలో. గాజు కిటికీ అవతల యంత్రాలు తిరుగుతున్నాయి. తెరిచి ఉన్న తలుపు బయట వరండాలో, షిఫ్టు మారే పనివాళ్ళు గుంపుగా నిలబడ్డారు. పక్క మిషను పిల్ల ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసిందని వాళ్ళే చెప్పారు. తోడికోడలు ఉతికి మడతపెట్టిన చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపి, పనికి వచ్చినట్టే వచ్చింది. సున్నక్క పక్కన కూర్చుంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. పై నుంచి ఒత్తిడి ఉన్న మనిషి. లేబులును గోడ పోస్టరంత పెద్దది చేయించి తెచ్చాడు.

"ఇది చదవమ్మా."

తోడికోడలు లేచి వెళ్ళి, వేలు ఆనించింది. "వే-డి నీ-ళ్ళ-లో క-ల-ప-వ-ద్దు. కలపవద్దు."

"చూశారా? చక్కగా చదివింది. అంటే చదవడం వచ్చు. ఆ రోజు చదవలేదన్నమాట."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. సున్నక్కకు చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడింది.

"సార్, ఆ అక్షరం నేనే గీశాను. ఇంత పెద్దగా ఉంటే ఎవరైనా చదువుతారు. డబ్బా మీద ఉన్నంత చిన్నగా అచ్చేస్తే చ్చు, ద్దు ఒకటే ముద్దవుతాయి. నేను గీసిన దాన్ని నేనే పోల్చుకోలేకపోయాను. చిన్న సైజులో పనిచేస్తుందా అని లేబులువాళ్ళు అడిగితే, చేస్తుందని చెప్పిన తప్పు కూడా నాదే."

ఆ మాటతో దిట్టం మీద ఇన్నాళ్ళూ కట్టుకున్న మేడ కూలిపోయింది. తీరా అనేశాక, ఆమె భయపడినంత నొప్పి మాత్రం లేదు.

మేనేజరు ఆమెను ఎగాదిగా చూశాడు. ఇలాంటి సాక్షి వస్తుందని ఆయన అనుకోలేదు. డబ్బా తీసి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"సరే, అస్పష్టంగానే ఉందనుకుందాం. అర్థం కానప్పుడు అడగాలి కదా? అనుమానం వస్తే ఎవర్నైనా పిలవాలి కదా?"

"అనుమానం రాలేదు సార్," అంది తోడికోడలు. "పాత డబ్బా మీద సన్నగా పీలగా రాసేవాళ్ళు. అది చూస్తే నాకు ఎప్పుడూ అనుమానమే. పక్కవాళ్ళను అడిగేదాన్ని. ఇది నల్లగా, దిట్టంగా, ఒట్టు పెట్టి చెప్పినట్టు ఉంది. అంత గట్టిగా చెప్పిన మాట మీద అనుమానం ఎందుకొస్తుంది సార్?"

ఆమెకు ఆ అక్షరం పేరు తెలియదు. సున్నక్క తల దించుకుంది. దిట్టం గురించి ఇంతకన్నా గొప్పగా ఎవరూ చెప్పలేదు, ఇంతకన్నా ఘోరంగానూ ఎవరూ చెప్పలేదు.

మేనేజరు కాసేపు పెన్ను మూత తీసి పెట్టి ఆలోచించాడు. సొరుగులోంచి టైపు చేసిన ఒక కాగితం తీసి ముందుకు జరిపాడు.

"ఇదిగోనమ్మా. ఉద్యోగం తియ్యడం లేదు. సోమవారం నుంచి మడతల విభాగంలోకి రా. ఇక్కడ ఒక సంతకం పెట్టు."

సున్నక్కకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "పెట్టేయక్కా," అని గుసగుసగా అంది. పోతుందనుకున్న ఉద్యోగం చేతికి అందుతుంటే ఎవరైనా అదే అంటారు.

తోడికోడలు పెన్ను తీసుకోలేదు. కాగితం తనవైపు తిప్పుకుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

"అబ్బే, అందులో ఏమీ లేదు. మామూలు కాగితమే. సంతకం చాలు," అన్నాడు మేనేజరు.

"చదవకుండా పెట్టమంటారా సార్?"

ఆమె చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి, వేలు నడుస్తోంది. షిఫ్టు మారే గంట మోగింది. వరండాలో జనం కదల్లేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు, కాళ్ళు మార్చుకున్నాడు, తొందరపెట్టే ధైర్యం మాత్రం చేయలేకపోయాడు. నాలుగో వరస దగ్గర ఆమె వేలు ఆగింది. ఆ అక్షరాలు పైకి పలికింది.

"లే-బు-లు చ-ద-వ-కుం-డా. లేబులు చదవకుండా మందు కలిపినందుకు." తలెత్తింది. "ఈ మాట తప్పు సార్. నేను చదివాను."

"అది ఊరికే రాసిందమ్మా. రికార్డు కోసం."

"అయితే రికార్డులో తప్పుంది."

"సంతకం పెట్టకపోతే ఉద్యోగం..." అని మొదలుపెట్టి మేనేజరు సగంలో ఆగిపోయాడు. తలుపు బయట అన్ని మొహాలూ ఇటే చూస్తున్నాయి. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. పెట్టేయమని సున్నక్క అన్న మాట ఇంకా అక్క చెవిలోనే ఉండి ఉంటుంది. ఉద్యోగం అక్కది, పోతే పోయేదీ అక్కదే. అయినా ఆవిడ ఒక్క మాట దగ్గర కూర్చుండిపోయింది.

మేనేజరు పెన్ను తీసి ఆ మాట మీద అడ్డంగా గీత గీశాడు. పైన ఏదో రాశాడు. పక్కన తన పొడి సంతకం చేసి, కాగితం మళ్ళీ జరిపాడు.

ఆమె ఆ రాత మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. కొక్కిరిబిక్కిరి గీతలు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తల అడ్డంగా ఊపింది.

"చేతిరాత చదవడం నాకు రాదు సార్. ఏం రాశారో మీరే చదవండి."

మేనేజరు కాగితం తీసుకున్నాడు. "లేబులు చదివే మందు కలిపింది. తప్పు లేబులుది," అన్నాడు గొణిగినట్టు.

"ఇంకోసారి చదవండి సార్. బయటికి వినపడలేదు."

మేనేజరు తలుపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా చదివాడు.